నేత్రవైద్యుడు కార్ల్ కోలరు మహాశయుని చరిత్రము

ఇంద్రియములన్నిటిలోను నేత్రమే ప్రధానమైనదని మన పెద్దలు చెప్పుదురు. చూపు పోయినవానికి పగలును రేయియు నొక్కటియే. చేయి పట్టి నడిపించువారు లేనిదే యతడు తన యింటి వాకిలి దాటలేడు. తన మనుమని ముఖమును చేతితో తడవి తెలిసికొనవలసినదే గాని కన్నులార చూడజాలడు. అట్టి దురవస్థనుండి జనులను తప్పించువానికంటె గొప్ప పరోపకారి వేరొకడుండునా? మహాసభల సంచికలయందు మనవారి చరిత్రములను ప్రకటించుట ఆచారము. అది యుచితమే. కాని యీమారు మన దేశమువాడును, మన భాషవాడును, మన మతమువాడును గాని యొక నేత్రవైద్యుని చరిత్రమును మేము చదువరుల ముందుంచుచున్నాము. ఈ మహాశయునివలన ఉపకారము పొందని కుటుంబము మనలో నేడు మిక్కిలి యరుదు. ఆయన పేరెరిగినవారు మాత్రము అంతకంటెను అరుదు. ఆయనయే కార్ల్ కోలరు.

మన యిండ్లలో కంటికి శుక్లము వచ్చిన వృద్ధులు శస్త్రచికిత్స చేయించుకొని వచ్చి, నొప్పి యేమియు తెలియలేదని చెప్పుట మనము వినుచునే యున్నాము. శస్త్రము పట్టుటకు ముందు వైద్యుడు కంటిలో మందు చుక్కలు వేయును, లేదా కంటిచెంత సూదిమందు ఇచ్చును. కొలది నిమిషములలో ఆ కన్ను స్పర్శ కోల్పోవును. రోగి మేలుకొనియే యుండును, వైద్యుని మాట వినుచుండును, చూపు త్రిప్పుమన్న వైపునకు త్రిప్పుచుండును. కాని కంటిని కోయుచున్న సంగతి యతనికి బాధగా తెలియదు. ఈ సౌఖ్యము మానవునికి 1884వ సంవత్సరమునకు పూర్వము లేదు. అది వియన్నా నగరమున, ఇరువదియారేండ్ల బీదవైద్యుడొకడు కప్పకంటిలో వేసిన చుక్కమందుతో ప్రారంభమైనది.

అంతకుముందు కంటిచికిత్స యెట్లుండెనో తెలిసినగాని యీ యుపకారము విలువ బోధపడదు. మన సుశ్రుతాచార్యులు తన సంహితయందలి ఉత్తరతంత్రమున, లింగనాశమను నేత్రవ్యాధికి శలాకతో చేయవలసిన చికిత్సను వర్ణించియున్నారు. రోగిని కదలకుండ పట్టి యుంచవలెననియు, అతడు తన ముక్కువైపు చూచుచుండవలెననియు, చికిత్స యైన పిమ్మట దగ్గుట, తుమ్ముట, త్రేన్చుట, ఉమియుట మొదలగునవి కూడవనియు అందు విధింపబడినది. ఈ విధులలోనే కంటిచికిత్సలోని కష్టమంతయు ఇమిడియున్నది. రోగి మేలుకొని వైద్యునితో సహకరింపవలెను. అయినను కదలరాదు. చికిత్సానంతరము శరీరమునకు ఏ కుదుపును తగులరాదు. బాధ తెలియుచున్నవాడు కదలకుండుటెట్లు?

యూరపుఖండమునను ఇదే చిక్కు. పదునెనిమిదవ శతాబ్ది మధ్యమున ఫ్రాన్సు దేశపు వైద్యుడు జాక్ డావియెలు శుక్లమును కంటిలోనికి త్రోయుటకు మారుగా, కంటిని కోసి వెలికి దీయు పద్ధతిని ప్రవేశపెట్టెను. పద్ధతి మెరుగైనది గాని బాధ తగ్గలేదు. సహాయకులు రోగి తలను, చేతులను బిగబట్టుచుండ, వైద్యుడు చేయి వణకకుండ క్షణములలో పని ముగింపవలసియుండెను. 1846లో ఈథరును, 1847లో క్లోరోఫారమును శస్త్రవైద్యమున ప్రవేశించినవి. రోగిని నిద్రపుచ్చి కాలుసేతులు కోయుట సుకరమాయెను. కాని కంటివైద్యులకు వానివలన కలిగిన మేలు స్వల్పము. నిద్రలోనున్న రోగి వైద్యుని మాట వినడు. పైగా మేల్కొనునపుడు వాంతులు కలుగును. ఆ కుదుపునకు అప్పుడే కోసిన కంటిగాయము విడివడి లోపలి పదార్థము బయటికి వచ్చుటయు కలదు. కనుక అనేకులు కంటిచికిత్సను మత్తుమందు లేకయే చేయుచుండిరి. రోగులును ఆ బాధకు జడిసి, అంధత్వమే మేలని యిండ్లలో కూర్చుండిపోవుచుండిరి.

ఇట్టి కాలమున, 1857వ సంవత్సరము డిసెంబరు 3వ తేదీన, నాటి ఆస్ట్రియా సామ్రాజ్యములోని బొహీమియా దేశమున షుట్టెన్‌హోఫెను అను చిన్నపట్టణమున కోలరు జన్మించెను. ఆ పట్టణము నేడు సుషిత్సె యను పేర చెక్ దేశమున నున్నది. తండ్రి వర్తకము చేయువాడు. వారిది యూదుల కుటుంబము. బాల్యముననే తల్లి మరణించెను. కొంతకాలమునకు కుటుంబము వియన్నా చేరెను. కోలరు మొదట ధర్మశాస్త్రము, అనగా న్యాయవాదుల విద్య, ఒక యేడు చదివి, అది తనకు తగినది కాదని గ్రహించి 1876లో వైద్యవిద్యలో ప్రవేశించెను. నాడు వియన్నా విశ్వవిద్యాలయము వైద్యవిద్యకు లోకమున పేరెన్నిక గన్నది. నానాదేశముల విద్యార్థులు అచటికి వచ్చి చదువుచుండిరి.

విద్యార్థిగా నున్నప్పుడే కోలరు స్ట్రికరు అను ఆచార్యుని పరిశోధనశాలలో పనిచేసి, కోడిగ్రుడ్డులోని పిండము తొలిదశలో ఎట్లు వృద్ధిపొందునో పరిశోధించి వ్యాసములు ప్రకటించెను. ఈ శిక్షణ యాయనకు తరువాత మిక్కిలి యుపకరించినది. చూచినదానిని నమ్ముట, నమ్మినదానిని మరల పరీక్షించుట, పరీక్షించినదానిని వెంటనే వ్రాసి యుంచుట అను మూడు అలవాట్లు ఆ పరిశోధనశాలలోనే యాయనకు పట్టువడినవి. 1882లో వైద్యపట్టము పొంది, వియన్నాలోని సార్వజనిక వైద్యాలయమున చేరెను. నేత్రవైద్యమున నిపుణుడు కావలెననియు, అచటి కంటివైద్యశాలలో సహాయకోద్యోగము సంపాదింపవలెననియు ఆయన కోరిక. ఆ యుద్యోగము దొరకిన వానికి ముందుముందు ఆచార్యపదవికి మార్గము తెరువబడును.

నాటి వియన్నాలో నేత్రవైద్యమునకు పెద్దదిక్కుగా నుండినవాడు ఫెర్డినాండు ఆర్ల్టు అను ఆచార్యుడు. ఈథరు, క్లోరోఫారములు కంటిచికిత్సకు తగినవి కావనియు, కంటికి మాత్రమే స్పర్శ పోగొట్టు మందు దొరకిననాడు గాని యీ విద్య పరిపూర్ణము కాదనియు ఆయన శిష్యులకు బోధించెడివాడు. ఆ మాట కోలరు మనస్సున నాటుకొనెను. క్లోరాలు, బ్రోమైడు, మార్ఫియా మొదలగు మందులను జంతువుల కన్నులలో వేసి చూచెను. ఏదియు ఫలింపలేదు. పలుమార్లు విఫలుడై పని చాలించెను గాని ప్రశ్నను మాత్రము మరువలేదు.

ఇంతలో 1884వ సంవత్సరమున ఆయనతోడి వైద్యుడును, మిత్రుడునగు సిగ్మండు ఫ్రాయిడు కొకెయిను అను పదార్థమును గూర్చి పరిశోధింప మొదలిడెను. మనస్తత్త్వశాస్త్రమున తరువాత లోకప్రసిద్ధి గాంచిన ఫ్రాయిడే యీతడు. దక్షిణ అమెరికాలోని పెరూ మొదలగు దేశములవారు కోకా యను చెట్టు ఆకును నమలి అలసట పోగొట్టుకొనెడివారు. ఆ యాకులోని సారమును జర్మనీలోని గొట్టింగెను నగరమున నీమను అను రసాయనికుడు 1860 ప్రాంతమున వేరుచేసి కొకెయిను అని పేరిడెను. అది నాలుకకు తగిలినచో తిమ్మిరి పుట్టించునని అప్పుడే తెలిసియుండెను. అయినను దానిని బలము నిచ్చు మందుగానే అందరు భావించుచుండిరి. ఫ్రాయిడును ఆ దృష్టితోనే తన వ్యాసమును వ్రాసి ఆ యేటి వేసవిలో ప్రకటించెను. కండబలము కొలుచు పరీక్షలకై కోలరుకును కొంత మందు ఇచ్చి, పిదప తన్ను వివాహమాడనున్న కన్యను చూచుటకై హాంబర్గు ప్రాంతమునకు ప్రయాణమైపోయెను.

అనంతర మేమి జరిగెనో వినుడు. ఒకనాడు తోటివైద్యుడొకడు ఆ తెల్లనిపొడిని చిన్న కత్తిమొనతో తీసి నోట వేసికొని, నాలుక మొద్దుబారుచున్నదని కోలరుతో చెప్పెను. అది తిన్నవారందరు చెప్పినమాటయే. కాని యాక్షణమున, తాను వెదకుచున్న మందు తన జేబులోనే యున్నదని కోలరునకు స్ఫురించెను. నాలుకను మొద్దుబార్చునది కంటినేల మొద్దుబార్పదు? ఆయన తిన్నగా స్ట్రికరుగారి పరిశోధనశాలకు పోయెను. అచట సహాయకుడుగా నున్న గార్ట్‌నరు ఎదుట ఆ పొడిని రవంత పరిశుద్ధజలమున కరగించి, ఒక కప్పకంటిలో చుక్క వేసెను. నిమిషమైన పిదప ఆ కంటిని సూదితో తాకిరి. కప్ప కదలలేదు. మందు వేయని రెండవ కంటిని తాకినంతనే యది రెప్పమూసి వెనుకకు జరిగెను. కుందేలు కంటను, కుక్క కంటను ఇదే ఫలము కనబడెను.

జంతువులకు హితమైనది మానవునకును హితమగునా యను శంక మిగిలెను. అందుకు వారు పరులను వెదకలేదు. తమ కన్నులలోనే ఆ మందు వేసికొని, అద్దము ముందు నిలిచి, గుండుసూది తలతో నల్లగ్రుడ్డును తాకి చూచుకొనిరి. స్పర్శయే తెలియలేదు. పరుల కంటిపై ప్రయోగించుటకు ముందు తన కంటినే పరీక్షకు పెట్టుట నిజమైన వైద్యధర్మమని మేము తలంచుచున్నాము. 1884 సెప్టెంబరు 11వ తేదీన నీటికాసములు అను కంటిజబ్బుగల రోగికి ఈ చుక్కమందు సహాయముతో నొప్పి లేకుండ శస్త్రచికిత్స జరిగెను.

ఆ నెలలోనే, సెప్టెంబరు 15వ తేదీన, జర్మనీలోని హైడెల్‌బర్గు నగరమున నేత్రవైద్యుల మహాసభ జరుగనుండెను. క్రొత్తవిషయమును లోకమునకు వెల్లడించుటకు అంతకంటె తగిన సభ లేదు. కాని కోలరు చేత రైలుఖర్చులకు ధనము లేదు. ఎన్నో తరములవారు వెదకి కనుగొనలేని మందును కనుగొన్న పురుషుడు దానిని చెప్పుటకు పోవలసినచోటికి పోలేకపోయెను. చదువరులు ఈ సంగతిని గమనింపవలెను. ఆయన తన పరిశోధనలను సంక్షేపముగా వ్రాసి, ఆ సభకు పోవుచున్న ట్రియెస్టు నగరవాసియగు బ్రెట్టావరు అను వైద్యుని చేతికిచ్చెను. బ్రెట్టావరు దానిని సభలో చదివెను. అచటి వైద్యశాలలో ఒక రోగి కంటిపై మందు వేసి ప్రత్యక్షముగా చూపుటయు జరిగెను. చూచినవారు ఆశ్చర్యపరవశులైరి. అందుండిన న్యూయార్కు వైద్యుడగు నాయెసు వెంటనే తమ దేశపు వైద్యపత్రికకు జాబు వ్రాయగా, అది అక్టోబరు 11వ తేదీన ప్రకటింపబడెను. నెలదినములు తిరుగకమునుపే అట్లాంటిక్ మహాసముద్రమునకు ఆవలిగట్టున ఈ వార్త వ్యాపించెను.

అక్టోబరు 17వ తేదీన కోలరు స్వయముగా వియన్నా వైద్యుల సంఘమునెదుట తన వ్యాసమును చదివెను. ఆ సభలోనే కోనిగ్‌స్టయిను అను మరియొక నేత్రవైద్యుడును తాను చేసిన ప్రయోగములను వినిపించెను. ఆయనయు ఫ్రాయిడునకు మిత్రుడే. కంటినొప్పులపై కొకెయినును పరీక్షింపుమని ఫ్రాయిడు ఆయనకును చెప్పియుండెను. ముందు కనుగొన్నవాడెవడను వివాదము పుట్టబోవు సమయమున, ఫ్రాయిడును వాగ్నరు యౌరెగు అను వైద్యుడును కలుగజేసికొని, ఆ కీర్తి కోలరుదేయని ఒప్పుకొనునట్లు కోనిగ్‌స్టయినును ఒడంబరచిరి. మందును ముందుగా పరిశోధించినవాడు ఫ్రాయిడే. కొద్దిలో ఆయన చేజారిన కీర్తి యది. అయినను తన మిత్రుని హక్కును ఆయన కాదనలేదు. పరిహాసముగా కోకా కోలరు అని పిలుచుచు సంతోషించెడివాడు. విద్వాంసులలో ఇట్టి ఔదార్యము స్తోత్రపాత్రమైనది.

తరువాతి నెలలలో ఈ మందు శస్త్రవైద్యమంతట ప్రవేశించెను. గొంతువైద్యులు దానిని గొంతునకు వాడిరి. న్యూయార్కులో హాల్‌స్టెడు అను శస్త్రవైద్యుడు నరముచెంత సూదిమందుగా నిచ్చి, ఆ నరము వ్యాపించినంతమేర స్పర్శ పోవునట్లు చేసెను. పంటివైద్యమున నేడు మనము పొందుచున్న సుఖమునకు మూలమిదియే. 1898లో జర్మనీలో బీరు అను వైద్యుడు వెన్నెముకలో నిచ్చి నడుము క్రిందిభాగమునకు స్పర్శ లేకుండ చేసెను. ఇన్నిటికిని బీజము కప్పకంటిలో పడిన ఆ చుక్కయే.

ఇంత ఘనకార్యము చేసినవానికి వియన్నాలో కోరిన యుద్యోగము చేతికందునని యెవరైనను తలంతురు. జరిగినది వేరు. ఆ కాలమున వియన్నాలో యూదులపై ద్వేషము నానాటికి పెరుగుచుండెను. విద్యార్థి సంఘములలోను, వైద్యాలయములలోను అది లోపించియుండలేదు. 1885 జనవరి 4వ తేదీన వైద్యాలయమున వ్రేలికి దెబ్బతగిలి వచ్చిన రోగి యొకనికి కట్టు మిక్కిలి బిగువుగా నుండుట చూచి, రక్తప్రసారము నిలిచిపోవునని తలచి కోలరు దానిని వదులు చేయబోయెను. అచటనున్న వేరొక శస్త్రవైద్యుడు అడ్డుపడెను. మాట పెరిగెను. ఆ వైద్యుడు పదిమంది యెదుట కోలరును యూదజాతి పేరెత్తి పశువుతో పోల్చి దూషించెను. కోలరు సహింపలేక అతని ముఖముపై కొట్టెను.

ఇరువురును సైన్యమున అధికారి హోదా కలవారు. చట్టము నిషేధించినను, ఆనాటి సైనికాచారము ప్రకారము ఇట్టి తగవు ద్వంద్వయుద్ధముననే తీరవలెను. కత్తులతో పోరు జరిగెను. కోలరు గాయము లేక బయటపడెను. ప్రత్యర్థికి తలపైనను చేతిపైనను గాయములు తగిలెను. మిత్రులు సంతోషించిరి. కాని యిది కోలరు బ్రతుకునకు మేలు చేయలేదు. వియన్నాలో యూదునకు పెద్దపదవి దొరకుటయే దుర్లభము. అందును తగవుమారియను పేరు పడినవానికి ఆశ యెక్కడిది? ఆయన కోరిన కంటివైద్యశాలలోని సహాయకపదవి దక్కలేదు. రోగి వ్రేలు చెడకూడదని కట్టు వదులుచేయబోయిన చేతికి లభించిన బహుమానమిది.

ఆ యేటనే జరిగిన యొక సంగతి చెప్పదగినది. ఫ్రాయిడు తండ్రికి కంటియందు నీటికాసములు బయలుదేరెను. కోనిగ్‌స్టయిను శస్త్రము పట్టెను. కోలరు కొకెయిను చుక్కలు వేసెను. ఫ్రాయిడు దగ్గర నిలిచియుండెను. ఆ మందును లోకమునకు తెచ్చుటలో పాలుగల మువ్వురును ఒక్క రోగిచెంత చేరిరని కోలరు సంతోషముతో పలికెనట. కీర్తికై కలహింపదగిన మువ్వురు ఒక వృద్ధుని కంటిని కాపాడుటకై కలిసి పనిచేసిన ఆ దృశ్యము మనకు స్మరణీయము.

1885లోనే కోలరు వియన్నాను వీడెను. హాలెండులోని యూట్రెక్టు నగరమున డోండర్సు, స్నెల్లెను అను ఇరువురు నేత్రవైద్యాచార్యుల చెంత కొంతకాలము పనిచేసెను. నేడు కంటివైద్యశాలలో గోడమీద వరుసలుగా వ్రేలాడు పెద్దవియు చిన్నవియునగు అక్షరముల పటమును మనమందరము చదివియున్నాము. ఆ పటమును 1862లో కల్పించినవాడు ఈ స్నెల్లెను మహాశయుడే. అచట కోలరు ఆదరమును, విద్యను పొందెను. కాని యదియు శాశ్వతనివాసము కాలేదు. తుదకు 1888వ సంవత్సరమున అమెరికా చేరి న్యూయార్కు నగరమున నిలిచెను. అప్పటికాయన వయస్సు ముప్పదియేండ్లు.

పరదేశమున బ్రతుకు ప్రారంభించుట యెట్టిదో మనవారిలో బర్మాకును, మలయాకును పోయినవారి కుటుంబములకు తెలిసియే యుండును. భాష క్రొత్తది, ఆచారములు క్రొత్తవి, పరిచయస్థులు తక్కువ. విశ్వవిద్యాలయమున ఆచార్యుడు కావలెనను యౌవనస్వప్నమును కోలరు సముద్రమునకు ఆవలనే విడిచెను. ఆయన వైద్యవృత్తినే ఆశ్రయించి, మౌంటు సైనాయి వైద్యాలయమున నేత్రవైద్యుడుగా నియమితుడై రోగులకు సేవ చేసెను. ఆయన నైపుణ్యము నానాట తెలియవచ్చి రోగులు గుంపులుగా వచ్చిరి. 1893లో లారా బ్లూము అను వనితను వివాహమాడెను. వారికి ఇరువురు సంతానము కలిగిరి. ఆయన కుమార్తె 1963లో తండ్రిజాబులను, జ్ఞాపకములను ఆధారము చేసికొని యొక వ్యాసము ప్రకటించెను. కోలరు జీవితమును గూర్చి లోకమునకు తెలిసినదానిలో పెక్కు భాగము ఆ వ్యాసమువలననే తెలిసినది.

ఇచట మేము ఒక విషయమును నొక్కి చెప్పవలసియున్నది. కోలరును లోకము స్మరించునది 1884 సెప్టెంబరు మాసమునందలి కొలదిదినముల కార్యమునకే. ఆయన జీవించినదో ఎనుబదియారేండ్లు. ఆ కొలదిదినముల కీర్తిని తలచుకొని గర్వించుచు గాని, పోయిన పదవిని తలచుకొని విలపించుచు గాని ఆయన శేషజీవితమును వ్యర్థపుచ్చలేదు. దీర్ఘకాలము ప్రతిదినమును రోగుల కన్నులు చూచుచు, తాను కనుగొన్న సాధనముతోనే తన చేతులమీదుగా చూపు దానము చేయుచు గడపెను. లోకమంతట ఆ మందు వాడుచున్న వైద్యులలో తానొకడుగా నిలిచిపోయెను. ఒక మహాకార్యము చేసి యావల సామాన్యముగా బ్రతుకగలుగుట సులభమైన తపస్సు కాదు.

గౌరవములు ఆలస్యముగానైనను వచ్చినవి. 1922లో అమెరికా నేత్రవైద్యసంఘమువారు లూషియన్ హౌ పేరిట స్థాపించిన పతకమును మొట్టమొదట ఈయనకే సమర్పించిరి. నోబెల్ బహుమానము మాత్రము లభింపలేదు. 1938లో ఆస్ట్రియా దేశము హిట్లరు వశమయ్యెను. వృద్ధుడగు ఫ్రాయిడు ఆ యేటనే వియన్నా విడిచి లండను చేరి, మరుసటి సంవత్సరము అచటనే మరణించెను. వియన్నాలో మిగిలిన యూదులలో వేలకొలదిమంది అనంతరము ఘోరమరణము పాలైరి. ఏబదియేండ్లకు ముందు ఒక వైద్యాలయపు వాకిట ఒక నోట వెలువడిన దూషణ యెంత వృక్షమై పెరిగెనో కోలరు న్యూయార్కునుండి చూచుచునే యుండెను. 1944 మార్చి 21వ తేదీన ఆయన ఆ నగరముననే పరమపదించెను.

కొకెయినును గూర్చి యొక హెచ్చరిక వ్రాయక విడువరాదు. ఈ మందునకు రెండు ముఖములు కలవు. కంటిచుక్కగా నుపకరించిన యదే పదార్థము వ్యసనమై పట్టినప్పుడు మనుష్యుని నాశనము చేయును. నరములలో నిచ్చు పద్ధతిని కనుగొన్న హాల్‌స్టెడు తనపైనే ప్రయోగములు చేసికొని యా వ్యసనమునకు లోనై చిరకాలము బాధపడెను. కంటియందును అది నల్లగ్రుడ్డు పైపొరకు హాని చేయునని తరువాత తెలియవచ్చెను. కనుక రసాయనికులు అదే గుణము గల నిరపాయకరములగు మందులను వెదకిరి. 1905లో నోవొకెయిను ప్రచారమునకు వచ్చెను. 1943లో స్వీడను దేశమున లిడొకెయిను కల్పింపబడెను. నేడు కంటికి వేయు చుక్కలు ఇట్టి తరువాతి మందులే గాని కొకెయిను కాదు. కొకెయిను అమ్ముటయు, వాడుటయు మన దేశమున చట్టముచే నిషిద్ధము. అయినను కంటికి మాత్రమే స్పర్శ పోగొట్టి, రోగి మేలుకొనియుండగనే చికిత్స చేయవచ్చునను మార్గమును తెరచినవాడు కోలరే. మందులు మారినవి గాని మార్గము మారలేదు.

ఇక ఈ చరిత్రమువలన మనము గ్రహింపదగినదేమి? మేము ముప్పదియేండ్లకు పైగా బడిపంతులుగా నుండినవారము. పేదవాడగు తెలివిగల విద్యార్థి పరీక్షరుసుము కట్టలేక, పట్టణమునకు పోవుటకు బండిఖర్చులు లేక ఆగిపోవుట పలుమార్లు చూచియున్నాము. వారిలో ఎవడు కోలరు కాదగినవాడో ఎవరికెరుక? కోలరునకు బ్రెట్టావరు దొరకెను, కాగితము చేరవలసినచోటికి చేరెను. చేరనివి యెన్ని యుండునో లెక్క లేదు. విద్యార్థి సహాయనిధికి చందా లిచ్చుచున్న పోషకులు తాము ఇచ్చునది కేవలము భోజనపు ఖర్చు కాదని తెలిసికొనవలెను. హైడెల్‌బర్గునకు పోవలసిన రైలుఖర్చు వంటిది అందు కొంత తప్పక యుండును.

రెండవ విషయము కొంచెము కఠినమైనది. అయినను పెద్దవారము గనుక చెప్పక తప్పదు. మనము ఒక కులమువారముగా సమావేశమైతిమి. ఒకరికొకరు తోడ్పడుటకు అట్లు చేరుట తప్పు కాదు. కాని పుట్టుకను బట్టి యొకనిని హీనునిగా నెంచు మనస్సు ఏ సంఘమున ప్రవేశించినను, ఆ సంఘమే మొదట నష్టపడును. వియన్నా నగరము కోలరును పుట్టుకపేర దూరము చేసికొనెను. ఆయన చేతి చలువ న్యూయార్కు రోగులకు దక్కెను. మన బిడ్డలను ఇతరులెవరైన కులము పేర తక్కువచేసినప్పుడు మనకెంత కోపము వచ్చునో, మన యింటనో మన బడిలోనో అన్యుని బిడ్డను తక్కువచేసినప్పుడును అంత కోపము రావలెను. శుక్లము పొర కంటిమీద నుండును, శస్త్రముతో తొలగును. ఈ పొర మనస్సుమీద నుండును, దానికి చుక్కమందు లేదు. ఎవనిది వాడే పరీక్షించి చూచుకొనవలసియున్నది.

మన యిండ్లలో చూపు మందగించిన వృద్ధులుండిన యెడల, నొప్పికి భయపడి కాలహరణము చేయకుండ వారిని వెంటనే నేత్రవైద్యశాలకు తీసికొనిపోవుడు. చదువుకొను పిల్లలుండిన యెడల కోలరు కథను వారికి చెప్పుడు. సంఘబాంధవులందరికిని ఆయురారోగ్యములును, చూడదగినదానిని చక్కగా చూడగల చూపును కలుగుగాక యని కోరుచు ఈ వ్యాసమును ముగించుచున్నాము.